చిలకమ్మ తలూపలేదు

చిలకమ్మకు నలభై ఆరేళ్లు, ఎవరేమన్నా తలూపేది. కొండ వాలులోని గుమ్మిపాడులో వెదురు బుట్టలు అల్లుకుని బతికేది. ఆ తలూపడాన్నే ఊళ్లో మగవాళ్లు మంచితనం అనేవారు. వాళ్లకు అంతకన్నా సుఖమైన మంచితనం ఇంకేముంటుంది?

ఒకసారి జగదీశ్ వర్మ అనే హోటళ్ల యజమాని ఆ ఊరికి వచ్చాడు. అతనికి పాండాలంటే ప్రాణం. ఊరి వెనక వెదురు తోపులో సొంత డబ్బుతో పాండాల సంరక్షణ కేంద్రం కడతానని, చూడడానికి జనం వస్తారని, ఊరివాళ్లకు ఉద్యోగాలిస్తానని చెప్పాడు. ఊరంతా ఒప్పుకుంటేనే కడతానన్నాడు. చిలకమ్మ భర్త అప్పలకొండకు కాపలా ఉద్యోగం ఖాయం చేసి, ముందే ఖాకీ చొక్కా ఇచ్చాడు. అప్పలకొండ ఆ చొక్కాతోనే అన్నానికి కూర్చునేవాడు. సర్కారు మనిషికి వడ్డించాలంటే భయమేస్తోందని చిలకమ్మ ఆటపట్టించేది.

సభ రోజు ఆడవాళ్లు ఎప్పటిలాగే వెనక కూర్చున్నారు. వర్మ కేంద్రం నక్షా పరిచి, ఒక పెద్ద ఫోటో చూపించాడు. పాండా కాళ్లు చాపుకుని వెదురు నములుతోంది. అచ్చం తన తమ్ముడు చెరకు తిన్నట్టే ఉందని చిలకమ్మకు ముద్దొచ్చింది. ఊరికే పడి ఉన్న అడవి వెదురు ఇన్నాళ్లకు పనికొస్తుందని వర్మ అన్నాడు. ఆ వెదురు నాటింది చిలకమ్మ అత్తగారు. ఏటా లేత పిలకలు వదిలేసి, ముదురు బొంగులే నరుకుతూ దాన్ని కాపాడింది ఊరి ఆడవాళ్లు.

అప్పలకొండ వెనక్కి తిరిగి, తలూపమన్నట్టు చూశాడు. చిలకమ్మ లేచి నిలబడింది.

"బాబూ, ఇది రోజుకి ఎంత తింటాది?"

"జంటకు రెండు మోపులమ్మా. లేతవైతే మరీ ఇష్టం."

"లేతవి తినేస్తే ఏడాది తిరిగేసరికి తోపే ఉండదు. ఆ మీదట దానికేటి పెడతారు? నోరు లేనిది, అడుక్కోలేదు కదా."

వర్మ తడబడ్డాడు. వేరే చోటి నుంచి లారీల్లో తెప్పిస్తానన్నాడు.

"అయితే మీ పాండాల పార్కు కూడా అక్కడే పెట్టుకోండి."

వెనక ఆడవాళ్లు ముందు నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే లేచారు. తోపు ఎవరు పెంచారో అప్పుడు చెప్పారు. వర్మ చెడ్డవాడు కాదు. ముందే అడగాల్సిందని ఒప్పుకుని, నక్షా చుట్టుకుని వెళ్లిపోయాడు.

"నా ఉద్యోగం ఊడగొట్టావు కదే" అన్నాడు దారిలో అప్పలకొండ.

"తోపుకి కాపలా కాయి మావా. చొక్కా ఎలాగూ ఉంది."

వర్మ వదిలేసి వెళ్లిన పాండా ఫోటోను చిలకమ్మ ఇంటి గోడకు అంటించుకుంది. ఆ తర్వాత ఏ సభలోనూ ఆమె వెనక వరసలో కూర్చోలేదు.

మన చేతులతో పెంచినదాన్ని ఏం చేయాలో ఇంకొకరు తేల్చేస్తుంటే, తలూపడం తప్పు, నోరు తెరిచి అడగడమే మంచితనం.