అచ్చాయమ్మ మజ్జిగ

మా స్వామివారు ఎవరేది తాగమని ఇచ్చినా వద్దనరు. సొంఠి కాఫీ ఇస్తే జలుబుకు మంచిదంటారు. జొన్న అంబలి పోస్తే పొద్దుగూకేదాకా ఇక ఆకలి ఉండదంటారు. బెల్లం పానకమైతే మొహమాటం లేకుండా రెండో గ్లాసు అడుగుతారు. శిష్యుడు విశ్వంభరానికి ఇది మింగుడుపడేది కాదు. అతను ఆ వేసవిలో మంచినీళ్ళు తప్ప మరేదీ తాగనని వ్రతం పట్టాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, నాలుకకు ఇన్ని రుచులు మప్పితే మనసు ఎప్పటికి కుదురుకుంటుంది?"

స్వామివారు నవ్వి, "చూద్దాంలే గానీ, ముందు ఈ పెరుగు కుండ గుండవరంలో అచ్చాయమ్మకు ఇచ్చిరా" అన్నారు.

అచ్చాయమ్మ ఏటా ఎండాకాలం రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, వచ్చేపోయేవాళ్ళకు ఊరికే మజ్జిగ పోస్తుంది. మొగుడు పోయాక ఆవిడకు ఉన్న సంబరమల్లా అదే. ఆ ఏడు ఒకాయన అక్కడ మజ్జిగ తాగి, నాలుగడుగులు వేసి వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అని డాక్టరు మొత్తుకున్నా విన్నదెవరు? మజ్జిగలో ఏదో ఉందని ఊరంతా గుప్పుమంది. జనం పందిరి తప్పించుకుని నడవడం మొదలెట్టారు. చిలికిన మజ్జిగ చిలికినట్టే సాయంత్రానికి పులిసిపోయేది.

విశ్వంభరాన్ని చూడగానే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "స్వామివారు పంపారా నాయనా! ముందు గొంతు తడుపుకో" అంటూ గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది. ఎదురుగా కిరాణా కొట్టు అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని చూస్తున్నారు. అతను చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, నేను ముట్టను" అని, పెరుగు అక్కడ దించి చక్కా వచ్చేశాడు. నాకు వ్రతం ఉందమ్మా అని ఒక్క ముక్క చెప్పాలని తోచలేదు మహానుభావుడికి.

ఇంకేముంది! స్వామివారి శిష్యుడే ముట్టలేదట అన్న మాట పొద్దుగూకేలోగా పక్క ఊళ్ళకూ పాకింది. మర్నాడు అచ్చాయమ్మ పందిరి పీకేస్తోందని మాకు కబురొచ్చింది.

విశ్వంభరం బిక్కచచ్చిపోయాడు. "నేను ఆవిణ్ణి అనుమానించలేదు స్వామీ!" అన్నాడు. స్వామివారు కర్ర పుచ్చుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో బయల్దేరారు. అతనూ వెనకాలే నడిచాడు.

వెళ్ళేసరికి ఆవిడ తాటాకులు లాగి కింద పడేస్తోంది. స్వామివారు మిగిలిన కాస్త నీడలో చతికిలబడి, "ఎండన పడి వచ్చాం తల్లీ, మజ్జిగ పోయవా?" అన్నారు.

"నా చేతి మజ్జిగ మీకెందుకు బాబూ" అని ఆవిడ భోరుమంది. అయినా లోపలికి వెళ్ళి తెచ్చింది. స్వామివారు గడగడా తాగేసి, "అల్లం బాగా పడింది, కరివేపాకు ఇంకాస్త నలపాల్సింది" అని మూతి తుడుచుకున్నారు. ఆవిడ ఏడుపు మధ్యలో నవ్వేసింది.

రెండో గ్లాసు పట్టుకుని ఆవిడ విశ్వంభరం ముందు ఆగింది. ఇవ్వడానికి చెయ్యి సాగలేదు. అరుగు మీదివాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. స్వామివారు రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. అతను ఒక్క క్షణం తటపటాయించి, ఆ గ్లాసు అందుకుని ఎత్తి తాగేశాడు. తాగి, "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు, అరుగు మీదికి వినబడేలా.

అక్కణ్ణించి ఒక ముసలాయన దిగి వచ్చి, "ఏం అచ్చాయమ్మా, మాకు లేదా?" అన్నాడు. వెనకే మిగతావాళ్ళూ వచ్చారు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పోస్తూనే ఉంది.

తిరుగుదారిలో విశ్వంభరం, "వ్రతం చెడింది స్వామీ. దారిలో నా చెంబు నీళ్ళు తాగే వచ్చాను, అసలు నాకు దాహమే లేదు" అన్నాడు.

"నీ దాహం సంగతి ఎవరడిగారు నాయనా?" అన్నారు స్వామివారు.