ఎర్రనాచు మేసిన కుందేలమ్మ

భీమిలి రాళ్ళ మధ్య, పోటు వెనక్కి పోయినా నీళ్ళు నిలిచే గుంట ఒకటుంది. మాదే. అక్కడ పీత బావకు పక్కవాళ్ళ సంగతులే భోజనం. తన నడక వంకరని మాత్రం ఎవరూ అనకూడదు. ఆయన వేళాకోళానికి రోజూ దొరికేది సముద్రపు కుందేలు. చెవుల్లాంటి రెండు కొమ్ములున్నందుకు పేరుకే కుందేలు, నిజానికి గుల్ల లేని నత్త. మెత్తటి ఒళ్ళు, నిదానపు నడక, ఎవరూ ముట్టని ఎర్రనాచే తిండి.

ఓసారి పోటుతో వచ్చిన పండుగప్ప చేప ఆ గుంటలో చిక్కుకుపోయింది. ఆకలి మీదుంది. ముందు కనబడింది పీత బావే. ఆయన వెంటనే వినయం తెచ్చుకుని, తనలో ఉన్నదంతా పెంకేననీ, మెత్తటి మాంసం కావాలంటే కుందేలమ్మను చూపిస్తాననీ చెప్పాడు.

ఆ మాట కుందేలమ్మ చెవిన పడింది. ఆమె నడకకు పక్క రాయి చేరేసరికే తెల్లారుతుంది. ఎర్రనాచు పిన్ని దగ్గరకు పిలిచి మెల్లగా చెప్పింది.

"ఈ ఉప్పునీళ్ళలో బ్రోమిన్‌కు కొదవేముందే? నా ఒంట్లో ఓ ఎంజైము ఉంది, అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య. బ్రోమిన్‌ను పట్టుకొచ్చి, నేను తయారుచేసుకున్న పదార్థానికి ముడిపెడతాడు. ముడి పడ్డాక చప్పటిది కాస్తా చేదు విషం. పేరయ్య ఆ కాపురంలో ఉండడు, ఇంకో సంబంధానికి పోతాడు. ఇన్నాళ్ళూ నన్ను మేసి ఆ చేదంతా నీ తోలులో దాచావు. ఇంకాస్త మెయ్యి. నా కొమ్మలదేముంది, మళ్ళీ చిగురిస్తాయి."

కుందేలమ్మ పండుగప్ప ముందుకొచ్చి, ఇలా చిక్కిన ఒంటితో విస్తట్లోకి రావడం మర్యాద కాదనీ, తాను నాలుగు ముద్దలు తిన్నాక తనను తినమనీ అడిగింది. పీత బావ మురిసిపోయాడు. కత్తెరలాంటి చేతులతో తానే ఎర్రనాచు కోసి, మోసుకొచ్చి, "తిను మరదలా, మొహమాటపడకు" అంటూ కొసరి కొసరి వడ్డించాడు. సొంత బిడ్డ పెళ్ళిలోనైనా అంత శ్రద్ధగా వడ్డించినవాణ్ణి మేం చూళ్ళేదు.

పండుగప్ప ఒక్క కొరుకు కొరికింది. మింగలేక గుంటంతా గిరగిరా తిరిగి, కుందేలమ్మను ఉమ్మేసింది. ఆమె చెవులు సర్దుకుంది.

"ఈ వడ్డన ఎవరిది?" అంది పండుగప్ప.

గుంటంతా పీత బావ వైపు చూసింది. ఆయన మళ్ళీ పెంకు సంగతి ఎత్తాడు గానీ, పోటు వచ్చి పండుగప్ప వెళ్ళిపోయేలోగా ఓ కాలు పోనే పోయింది. ఇప్పుడు నడక మరీ వంకర. మేం అనం.

కుందేలమ్మ మాత్రం రోజూ పలకరిస్తుంది: "భోజనమైందా బావా? కాస్త ఎర్రనాచు పెట్టనా?"

పక్కవాణ్ణి వడ్డించాలనుకునేవాడు, ముందు వాడేం తిని పెరిగాడో కనుక్కోవాలి.