కాలిన ఇటుకల బడి

అనగనగా, సముద్రాల అవతల, పత్తి చేల మధ్య ఒక ఊళ్ళో డోర్కస్ అని ఒక పెద్దావిడ ఉండేది బంగారూ. ఆవిడ నవ్విందంటే వీధి చివరిదాకా వినిపించేది.

ఆవిడ ముత్తాతల్ని ఆఫ్రికా నుంచి ఓడల్లో కట్టేసి తెచ్చి, బానిసలుగా అమ్మేశారు. డోర్కస్ కూడా చిన్నప్పటినుంచీ తెల్లదొర ఇటుక బట్టీలో మట్టి తొక్కింది. బానిసలు పుస్తకం ముట్టుకుంటే కొరడా దెబ్బలే. ఎందుకంటావా? చదువొస్తే మనిషి ఎదురు ప్రశ్న వేస్తాడు కదా, అందుకని.

ఆ తర్వాత పెద్ద యుద్ధం జరిగి బానిసత్వం పోయింది. అప్పుడు ఆ నల్లవాళ్ళు మొట్టమొదట అడిగింది ఏంటో తెలుసా? బడి!

వాళ్ళకి చదువు చెప్పడానికి లవీనియా అనే పంతులమ్మ వచ్చింది. ఆమె కూడా నల్లవాళ్ళ పిల్లే. పాత పత్తి కొట్టంలో బడి మొదలైంది. డోర్కస్ మనవరాలి పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దింది. నెల తిరక్కుండానే కొట్టం సొంతదారు తాళం వేసేశాడు.

అప్పుడు అందరూ కలిసి చెక్కలు మోసుకొచ్చి, తమ బడి తామే కట్టుకున్నారు. వీళ్ళ చదువు గిట్టని తెల్లవాళ్ళు కొందరు దానికి నిప్పు పెట్టారు. తెల్లారేసరికి బూడిదే మిగిలింది.

లవీనియా వెక్కివెక్కి ఏడ్చింది. "నేను వెళ్ళిపోతాను పెద్దమ్మా. ఈసారి మిమ్మల్నే కాలుస్తారేమో."

డోర్కస్‌కీ భయం వేసింది మరి. అయినా లేచి నిలబడింది.

"చెక్క కాలితే బూడిద అవుతుంది తల్లీ. మట్టి కాలితే ఇటుక అవుతుంది. దొర మేడకి ఇటుకలు కోసిన చేతులు మనవి, మన బడికి కొయ్యలేవా? నువ్వు పాఠం చెప్పు. మేం మట్టి తొక్కుతాం."

అంతే! పిల్లలు నీళ్ళు మోశారు. లవీనియా గట్టు మీద నిలబడి అక్షరాలు చెబుతుంటే, మట్టి తొక్కేవాళ్ళు వాటినే పాట కట్టి పాడారు, చిందులేశారు. పచ్చి ఇటుకల మీద వేలితో ఎవరికొచ్చిన అక్షరం వాళ్ళు రాశారు. బట్టీ కాల్చి గోడలు లేపి, పైన రేకులు వేశారు.

బడి తెరిచిన రోజు సాయంత్రం ఆ నిప్పు పెట్టినవాళ్ళు మళ్ళీ కాగడాలతో వచ్చారు. అప్పుడు ఊరంతా బడి చుట్టూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడింది. డోర్కస్ గుమ్మంలోకి వచ్చింది.

"ఇవి ఒకసారి కాలిన ఇటుకలయ్యా! ఇంకేం కాలుస్తారు?"

ఎవరూ చెయ్యి వదల్లేదు. వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాసేపటికి వెనక్కి మళ్ళారు.

ఆ తర్వాత చూడాలి సంబరం! ఫిడేలు మోగింది, చిలగడదుంపలు కాలాయి, ముసలీ ముతకా ఆడారు. డోర్కస్ పుస్తకం తెరిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పేజీ అంతా చదివేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తలెత్తితేనా!

"పేజీ తిప్పవే పంతులమ్మా, ఇంకా ఉందిగా!" అంది.

కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి,
తెల్లారితే నా తల్లి
పలక పట్టి బడికి!