పైడమ్మ రేవు

పైడమ్మ ఏటి రేవులో పడవ నడిపేది. ఒకనాడు కోట అధికారి భైరవరాజు ఆమె పడవెక్కాడు. నడి ఏట్లో మీసం దువ్వుతూ గద్దించాడు.

"ఆడదానివి, తెడ్డు పట్టడమేమిటి? రేపటి నుంచి నీకీ రేవు లేదు!"

"రేపటిదాకా ఎందుకు దొరా?" అని పైడమ్మ తెడ్డు ఆయన చేతిలో పెట్టి, కొంగు కప్పుకుని కూర్చుంది.

ఆయన తెడ్డు వేయగానే పడవ గిర్రున తిరిగి సుడిగుండం వైపు సాగింది.

"నువ్వే పట్టమ్మా!"

"తమరి ఆజ్ఞ మీరగలనా? వద్దన్న మాట వెనక్కి తీసుకోండి. ఒడ్డుదాకా వినబడాలి."

"ఈ రేవు పైడమ్మదే!" అని అధికారి గొంతు చించుకున్నాడు.

ఒడ్డు చేరాక, వణుకుతున్న ఆయన్ని చేయి పట్టి దింపుతూ పైడమ్మ అంది.

"సిగ్గుపడకండి దొరా, మా ఆయనకీ నీళ్ళంటే భయమే. చేపల పులుసు మాత్రం అద్భుతంగా వండుతాడు. తిని వెళ్ళండి!"