మూడేళ్ళ కాపీలు

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఓబులేసుకు ఆ పూట అన్నం సయించలేదు. సర్వరుకు ఏది పెట్టాలో మూడింటికల్లా మేనేజరుకు ఆఖరి మాట చెప్పాలి.

డయాలసిస్‌కు వచ్చే నూటపది మంది వివరాలు, ఎవరికి ఎంతసేపు, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ ఒక్క సర్వరులో ఉన్నాయి. దాన్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఊరకే దొరికేది. అదే లినక్స్‌ను ఒక కంపెనీ, చెడితే వచ్చి చూస్తామన్న హామీతో, ఏడాదికింతని డబ్బు తీసుకుని ఇస్తుంది.

"ఊరకే వచ్చేదాన్ని కొనేవాడికి బుద్ధి లేదు" అని మూడేళ్ళుగా ఊరంతా చాటినవాడు ఓబులేసే. కానీ నిన్న మేనేజరు చల్లగా ఒక మాటన్నాడు: "సరే, నీ మాటే కానిద్దాం. ఏమన్నా అయితే మాత్రం రోగుల ముందు నిన్నే నిలబెడతా."

ఓబులేసు అన్నం వదిలేసి లేచాడు. ఆదోనిలో దర్జీ కొట్టు పైగదిలో కంప్యూటర్లు నేర్పే ఖాజామియా దగ్గరికి పరుగెత్తాడు. తనకు పని నేర్పిన ఉస్తాద్ ఆయనే.

"ఏది చెప్పమంటారు ఉస్తాద్? ఊరకేదా, కొన్నదా? లోపల రెండూ ఒకటే గదా!"

"ఒకటే." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "రికార్డులకు కాపీలు తీస్తున్నావా?"

"ఒక్కరోజు తప్పలేదు. దానంతటదే తీసుకుంటుంది." ఓబులేసు సంచిలోంచి కాపీలున్న డ్రైవ్ తీసి గర్వంగా బల్లమీద పెట్టాడు.

ఖాజామియా ఒక ఖాళీ కంప్యూటరును అతని ముందుకు జరిపాడు.

"మీ సర్వరు కాలిపోయిందనుకో. రోగి కుర్చీలో కూచోనున్నాడు. రికార్డులు దీంట్లో లేపు."

"ఇదెంత పని!" ఓబులేసు నవ్వుతూ డ్రైవ్ తగిలించాడు.

తేదీల వారీగా వరసగా ఫోల్డర్లు. నిన్నటిది తెరిచాడు. లోపల ఒక్క చిన్న గుర్తు తప్ప ఏమీ లేదు. మొన్నటిదీ అంతే. పోయిన నెలది తెరిచాడు. పోయిన ఏడాదిది తెరిచాడు. అన్నిట్లోనూ అదే గుర్తు.

రికార్డులున్న ఫోల్డరును కాపీ చెయ్యమని రాయాల్సింది పోయి, దానికి దారి చూపే షార్ట్‌కట్ గుర్తును కాపీ చెయ్యమని రాశాడు. మూడేళ్ళుగా ఆ గుర్తే కాపీ అవుతూ వచ్చింది.

"ఎన్నిసార్లు తెరిచి చూశావురా?"

"కాపీ అయిందని రోజూ మెసేజ్ వచ్చేది ఉస్తాద్..."

"మెసేజ్ చూశావన్నమాట."

కింద దర్జీ మిషను టకటకలాడుతోంది.  "అయితే కొనమంటారా?" అన్నాడు ఓబులేసు.

"తెరిచి చూసే కష్టం ఎవరో ఒకరు పడాలి నాయనా. డబ్బిచ్చి ఆ కంపెనీవాళ్ళను పడమంటావో, నువ్వే పడతావో."

"మరి మేనేజరుకు ఏం చెప్పను?"

ఖాజామియా డ్రైవ్ ఊడదీసి అతని చేతిలో పెట్టాడు.

"చెప్పడం తరవాత. ముందు పరుగెత్తి సరైన కాపీ తియ్యి. అక్కడ సర్వరు ఇంకా బతికే ఉంది."