నూనె పూసిన బ్రేకు

"భక్తితో చేసిన పనిలో దోషం ఉంటుందా గురువుగారూ?"

ఈ ప్రశ్న వేసినవాడు వీరాచారి. వేశాడని మర్యాదకు రాస్తున్నాను గానీ, నిజానికి మా అందరి ముందూ నిలబడి గొంతు చించుకుని అరిచాడు. ఆ రోజు మహర్నవమి. గురువుగారి వసారాలో ఎనిమిది మందిమి గీత వినడానికి కూర్చుని ఉన్నాం. మా గురువుగారు కాశయ్యగారు బస్సుల డిపోలో ముప్పై ఏళ్ళు బ్రేకులు బాగుచేసి, పదవీ విరమణ తరవాత నల్లమల అంచునున్న మా ఊళ్ళో సెలవు రోజుల్లో పాఠం చెప్పేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు అడిగినవాడి చేత ఏదో ఒక పని చేయించేవారు. అది తెలిసి కూడా వీరాచారి ఆ రోజు జవాబు కోసం కాదు, తీర్పు కోసం వచ్చాడు.

వాడు ఒక మోటారు సైకిల్ ను తోసుకుంటూ వచ్చాడు. అది వాడిది కాదు, వాడి చెల్లెలు సుగుణది. సుగుణ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ బండి మీదే వారానికి నాలుగు రోజులు ఘాట్ రోడ్డు దిగి చెంచు గూడేలకు వెళ్తుంది. బండికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, హ్యాండిల్ కు మామిడాకులు. అద్దంలా తళతళలాడుతోంది. ఇంకా నిమ్మకాయలు తొక్కించలేదని దాన్ని ఎక్కకుండా వీధంతా తోసుకొచ్చాడు. తాళం వాడి జేబులో ఉంది. వెనకాలే సుగుణ, భుజాన మందుల సంచీతో, ఎర్రబడ్డ కళ్ళతో నడిచి వచ్చింది.

బండి కడగడంలో వీరాచారికి వంక పెట్టడానికి లేదు. గురువుగారు నేర్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేశాడు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగాడు. సైలెన్సరు మూతికి ప్లాస్టిక్ కవరు కట్టాడు. తాళం పెట్టే చోట టేపు అంటించాడు. పైపు పెట్టి వేగంగా కొట్టకుండా మగ్గుతో నీళ్ళు పోశాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండలో కాకుండా పంచలో ఆరబెట్టాడు. అంతవరకూ బంగారంలా చేశాడు. తెల్లవారి పూజకు కూర్చున్నాక మాత్రం వాళ్ళ తాతల ఆచారం గుర్తొచ్చింది. వాళ్ళది కమ్మరి ఇల్లు. ఆయుధ పూజ నాడు సుత్తీ, పట్టకారూ, కొడవలీ, ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువునూ కడిగి, ఆరబెట్టి, నువ్వుల నూనె పట్టించాలి. పొడి ఇనుము దేవుడి ముందు పెట్టకూడదని వాళ్ళ నమ్మకం. బండి ముందు చక్రానికి పక్కనే గుండ్రటి పళ్ళెంలా పొడి ఇనుము కనిపించింది. బ్రేకు నొక్కితే రెండు బిళ్ళలు గట్టిగా పట్టుకునేది ఆ పళ్ళేన్నే. దానికి అటూ ఇటూ రెండు పొరలు నూనె పట్టించాడు మహానుభావుడు.

సుగుణ చూసి గుండె బాదుకుంది. సబ్బు నీళ్ళూ గుడ్డా తెచ్చి తుడవబోతే అన్న చెయ్యి పట్టి లాగేశాడు. పూజలో ఉన్న ఇనుమును సబ్బు గుడ్డతో ముట్టుకుందని ఇల్లు ఎగిరిపోయేలా కేకలు వేశాడు. వాళ్ళ అమ్మ కూడా కొడుకు పక్షమే మాట్లాడింది. అలా చిలికి చిలికి గాలివానై తగవు గురువుగారి వసారాకు చేరింది.

"దేవుడికి అపచారం చేసింది గురువుగారూ! బండికి దండం పెట్టి తప్పయిందంటే తాళం ఇస్తా. లేదంటే ఈ రోజుకు బండి కదలదు" అన్నాడు వీరాచారి.

ఇప్పుడు తలుచుకున్నా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మేం ఎనిమిది మందిమీ వాడికి వంత పాడాం. భక్తి చూడాలి గానీ తప్పులు వెతకడమేమిటన్నాడు ఒకడు. నాలుగు అక్షరాలు చదువుకున్న ఆడపిల్లలకు ఆచారం లెక్కలేదన్నాడు ఇంకొకడు. నేను మరీ పెద్దమనిషిలా, "ఒక్క దండం పెట్టేస్తే పోయేదానికి ఎందుకు తల్లీ ఇంత పట్టుదల?" అన్నాను. వారం వారం ఆ ఘాట్ దిగేది ఆ పిల్ల. బ్రేకు సంగతి ఆ పిల్లకు తెలియాలా, వసారాలో కూర్చుని మోక్షం గురించి మాట్లాడుకునే మాకు తెలియాలా? ఆ మాత్రం ఇంగితం ఒక్కడికీ లేకపోయింది.

సుగుణ మా వైపు చూడనైనా చూడలేదు. గురువుగారితోనే చెప్పింది.

"కింది గూడెంలో ఒక బాలింత ఉంది స్వామీ. మూడు రోజుల కిందట కాన్పు. రాత్రి నుంచి జ్వరం, ఒళ్ళు కాలిపోతోందని ఫోన్ చేశారు. నేను వెళ్ళాలి. ఈ బ్రేకుతో దిగితే మొదటి మలుపు దాటను. దిగకపోతే ఆమె గతేంటి?"

గురువుగారు పుస్తకం మూసేశారు. ఆయనకు కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు. మాట మెత్తగానే ఉంది గానీ మెడ నరాలు ఉబ్బాయి. లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగారు. ఆయన ఇంటి ముందు సందు పల్లంగా ఉంటుంది. పల్లం చివర రాతిగోడ ఉంది. ఆ గోడకు రెండు అడుగులు ఇవతల నిలబడ్డారు.

"వీరాచారీ, బండి మీద కూర్చో. ఇంజను వద్దు. పైనుంచి ఊరికే దొర్లించుకుంటూ రా. ముందు బ్రేకు ఒక్కటే పట్టు, నా దగ్గర ఆపు" అన్నారు.

వీరాచారి నవ్వాడు. దేవుడి మీద అంత ధీమా వాడికి. దండ సర్దుకుని, బండికి నమస్కారం పెట్టి ఎక్కాడు. బండి మనిషి నడిచినంత మెల్లగా కదిలింది. సగం దూరంలో బ్రేకు పట్టాడు. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా పట్టాడు. పిడి గట్టిగా బిగుసుకుంది గానీ చక్రం తిరుగుతూనే ఉంది. వాడు కేకలు పెట్టాడు.

"తప్పుకోండి గురువుగారూ! తప్పుకోండి!"

ఆయన కదల్లేదు. "అన్నా, వెనక బ్రేకు తొక్కు!" అని సుగుణ ఒక్కతే అరిచింది. తొక్కాడు. వెనక చక్రం జారి బండి పక్కకు పడింది. పడుతూ పడుతూ ఫుట్ రెస్టు గురువుగారి కాలిని మోకాలి కింద చీరేసింది. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు. పంచె మీద నెత్తురు పాకింది.

సుగుణ పరుగెత్తి వచ్చి సంచీలోంచి దూది తీసింది. ఆ గాయం కడుగుతూనే అన్నను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒక్కటీ అనవసరమైనది కాదు. వీరాచారి మట్టిలోనే కూర్చుని చేతులు జోడించాడు. తాళం తీసి చెల్లెలి ముందు పెట్టాడు.

"ఇప్పుడు సబ్బుతో కడిగేస్తా చెల్లీ, వెళ్దువుగాని" అన్నాడు.

"బిళ్ళలు నూనె పీల్చేసుకున్నాయి. అవి మార్చేదాకా ఎవరూ ఎక్కడానికి లేదు" అన్నారు గురువుగారు. అని నా వైపు చూశారు. ఆ చూపుకు నేను తలెత్తలేకపోయాను. నా బండి తాళం సుగుణ చేతిలో పెట్టాను. ఆమె ముందు నా బండి బ్రేకులు రెండూ పట్టి చూసింది. చక్రాల పక్కన వేలు పెట్టి రాసి చూసింది. అప్పుడు గానీ ఎక్కలేదు. నా మీద నమ్మకం లేదని చెప్పకనే చెప్పింది, నాకు తగిన శాస్తే అది.

ఆమె వెళ్ళిపోయాక గురువుగారిని వసారాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. చివరికి వీరాచారే, తల వంచుకుని అడిగాడు.

"నిజంగా భక్తితోనే చేశాను గురువుగారూ. నా మనసులో ఏ కల్మషమూ లేదు. మరి ఆ భక్తంతా ఏమైపోయింది?"

గురువుగారు కట్టు కట్టిన కాలు మెల్లగా చాపుకున్నారు.

"నీ భక్తి దేవుడికి చేరిందిలే వీరాచారీ. బండి ఎక్కాల్సింది సుగుణ" అన్నారు.