రాజుగారి పాదం ఇటుక

అనగనగా, ఉప్పుగాలికి తలుపు గడియలు తుప్పుపట్టిపోయే ఒక సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డున ఒక రాజ్యం. దాన్ని ఏలేవాడు చిత్రసేన మహారాజు.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో ఆయన్ని రాక్షసుణ్ణి చేసేస్తానేమోనని భయం. రాక్షసుడు కీడు చేస్తే, వాడి బుద్ధి అంతేలే అనుకుని ఊరుకోవచ్చు. మంచివాడు, మేలు చేస్తున్నాననుకుంటూ చేసిన కీడు ఇది. వినండి మరి.

ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. పట్టాభిషేకం నాడు రాజుగారి కుడిపాదాన్ని పచ్చిమట్టిలో అద్దేవారు. ఆ మట్టిని ఇటుకలా కాల్చి, పట్టుగుడ్డలో చుట్టి, ఆస్థాన పనిశాలలో పీట మీద పెట్టేవారు. ఆనాటి నుంచి రాజ్యంలో కాలికి తొడిగేది ఏది చేసినా ఆ ఇటుక కొలతకే చెయ్యాలి. రాజు కొలతే రాజ్యం కొలత అని నానుడి.

చిత్రసేనుడిది చేటంత పాదం. ఇంకేముంది, జనమంతా చెప్పుల్లో గడ్డి కుక్కుకుని ఈడ్చుకుంటూ నడిచేవారు. ఇదేం ఖర్మ అని అడిగినవాడు ఒక్కడు లేడు. అడగడానికి నోళ్లున్నాయి, వినడానికి చెవులు కావద్దూ?

కోట గుమ్మం పక్కన అంకాలు అనే ఆవిడ కూర్చునేది. చెప్పులు కుట్టడం ఆమె పని. గడ్డి కుక్కుకుని నడవలేనివాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. ఎవరి కాలు ఎంతో చూసి, ఎక్కడ నొక్కుతోందో అడిగి, చెప్పుని కోసి సరిపెట్టి కుట్టి ఇచ్చేది. పనిశాల వాళ్లకి ఆమె అంటే చిన్నచూపు. కొత్తది చెయ్యడం చేతకాని అతుకుల మనిషి అనేవారు.

ఇక ఉప్పు మడుల సంగతి. ఊరికి రెండు కోసుల దూరంలో, సముద్రపు నీళ్లు పారించి ఎండబెట్టే మడులు ఉండేవి. వాటిలో ఆడవాళ్లు తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దుగుంకేదాకా మోకాళ్ల కిందిదాకా ఉప్పునీళ్లలో నిలబడి ఉప్పు లాగేవారు. ఆ నీళ్లు మామూలు నీళ్లు కావు. కాలి మీద చిన్న పగులుంటే దాన్ని పుండు చేస్తాయి, పుండుంటే దాన్ని ఎముకదాకా తింటాయి. మనలో, కూరలో ఉప్పు తక్కువైతే కంచం విసిరేసే మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్లు ఒక్కపూట ఆ మడిలో నిలబడితే తెలుస్తుంది.

పైగా అక్కడొక చట్టం. వరుసగా మూడు పొద్దులు మడిలో కాలు పెట్టకపోతే ఆ మడి ఇంకొకరికి పోతుంది.

ఆ మడుల్లో పైడమ్మ అనే ఆవిడ పని చేసేది. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లలు లేరు. తల్లి తొక్కి గట్టిపరిచిన మడి ఒక్కటే ఆమెకున్న ఆధారం. అది పోతే అడుక్కు తినాలి. ఆమె పాదాలు అప్పటికే బీటలు వారిన చెరువులా ఉన్నాయి. అయినా ఒక్క పొద్దు మానలేదు.

ఒకనాడు రాజుగారు గుర్రం మీద అటుగా వెళ్తూ తెల్లటి ఉప్పు మీద ఎర్రటి అడుగులు చూశాడు. అవి పైడమ్మవి. ఆయన మనసు కలుక్కుమంది.

"ఈ ఆడవాళ్ల పాదాలకి రక్ష కావాలి. మంచి తొడుగు చేసినవారికి ఆస్థానంలో మొదటి పీట వేస్తాను" అని చాటింపు వేయించాడు.

మంచి మాటే. ఆ మాట గుర్రం దిగి, గట్టు మీద నిలబడి, ఆ అడుగుల మనిషితో ఒక్క నిమిషం మాట్లాడి చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. దిగలేదు.

మొదట ఆస్థాన వడ్రంగి శ్రీకంఠుడు వచ్చాడు. పట్టుగుడ్డ విప్పి, ఇటుకకి దండం పెట్టి, కొలత తీసుకుని పాంకోళ్లు చెక్కాడు. వాటి మీద హంసలు, తామరలు. రాజుగారు చూసి మురిసిపోయాడు. బండి నిండా పాంకోళ్లు మడులకి వెళ్లాయి.

అమ్మా, ఉప్పు మడి అడుగు అంటే ఏమనుకున్నారు? ఏళ్ల తరబడి ఉత్త కాళ్లతో తొక్కి తొక్కి నున్నగా చేసిన నేల అది. పాంకోళ్ల మడమలు దిగేసరికి ఆ నేల గుంటలు పడింది. బురద లేచి ఉప్పులో కలిసింది. పైడమ్మ తల్లి నాటి నేల ఒక్క పూటలో పాడయింది. ఆడవాళ్లు పాంకోళ్లు తీసి గట్టున పెట్టారు.

"వాళ్లకి నడక రాదు ప్రభూ" అన్నాడు శ్రీకంఠుడు.

రెండోసారి గుర్రాల జీనులు కుట్టే భద్రుడు వచ్చాడు. అతనూ ఇటుకకి దండం పెట్టాడు. మోకాలిదాకా వచ్చే తోలు జోళ్లు కుట్టాడు. నిగనిగలాడుతున్నాయి, ముఖం చూసుకోవచ్చు. ఈసారి రాజుగారు ఒక ఆజ్ఞ కూడా కలిపాడు. "ఇచ్చింది తొడుక్కోనివాళ్లు మడి వదులుకోవాలి."

చూశారా? ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు లేదూ? మేలు చేస్తానన్నవాడు ఇప్పుడు దండిస్తానంటున్నాడు.

పైడమ్మ పాదానికి ఆ జోడు రెండింతలుంది. పైనుంచి ఉప్పునీళ్లు దిగాయి. దిగినవి బయటికి పోయే దారి లేదు. రోజంతా ఆమె పాదాలు ఆ నీళ్లలో నానాయి. సాయంత్రం గట్టెక్కాక పైతోలు ఎండి చెక్కలా బిగుసుకుంది. జోళ్లు లాగితే చర్మం కూడా వాటితోనే వచ్చింది. మర్నాడు ఆమె లేవలేకపోయింది.

"వాళ్లకి కృతజ్ఞత లేదు ప్రభూ" అన్నాడు భద్రుడు.

పక్క మడి ఆవిడ ఆ జోళ్లు పట్టుకుని కోట గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. "అంకాలూ, ఇవి కొంచెం చిన్నవి చేసిపెట్టు. పైడమ్మ రేపూ ఎల్లుండీ కాలు పెట్టకపోతే మడి పోతుంది" అంది.

అంకాలు జోళ్లలో చెయ్యి పెట్టి చూసింది. లోపల ఇంకా తడిగా ఉంది. చేతికి నెత్తురు అంటింది. అంతే, ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇవి చిన్నవి చేస్తే బాగుపడేవి కావు" అని కత్తి, దబ్బనం, నారబట్ట సంచిలో వేసుకుని బయలుదేరింది. ఒక కుండెడు మంచినీళ్లు కూడా నెత్తికెత్తుకుంది, దారిలో తాగడానికి.

మడుల పక్కనే ఉన్న గుడిసెలో పైడమ్మ గోడకి ఆనుకుని ఉంది. అంకాలుని చూడగానే మొహం తిప్పుకుంది.

"నువ్వు కూడా ఏదో తెచ్చావా? మాకొద్దు. మా మానాన మమ్మల్ని వదిలేయండి."

"ఏమీ తేలేదప్పా" అంది అంకాలు. "అడగడానికొచ్చాను. ఎక్కడ నొప్పి?"

ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అంకాలే. ఒడ్డున ఉప్పు పండటం మొదలైన నాటి నుంచీ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మడిలో ఉన్నంతసేపు పెద్దగా తెలీదమ్మీ" అంది పైడమ్మ. "గట్టెక్కాకే నరకం. ఉప్పు ఆరి పగుళ్లలో గట్టిపడుతుంది. కడుక్కుందామంటే చుట్టుపక్కల మాకందే మంచినీళ్లు చుక్క లేవు. నీళ్లు కావాలంటే ఊళ్లోకి రెండు కోసులు ఆ కాళ్లతోనే నడవాలి."

అంకాలు తను తెచ్చిన కుండ వంచి పైడమ్మ పాదాలు కడిగింది. పైడమ్మ కళ్లు మూసుకుంది.

"మరి అరికాలికి మందపాటి తోలు వేస్తే?"

"వద్దు. ఉప్పు పండిందో లేదో మాకు అరికాలే చెబుతుంది. దాన్ని మూసేస్తే మేం గుడ్డివాళ్లం."

మిగిలిన పొద్దంతా అంకాలు తనే ఉత్త కాళ్లతో మడిలో దిగి నిలబడింది. సాయంత్రానికి ఆమె కాళ్లు కూడా భగ్గుమన్నాయి. అప్పుడు అర్థమైంది ఆమెకి, విన్నదంతా ఒక ఎత్తు, నిలబడింది ఒక ఎత్తు అని.

రెండో పొద్దు ఆమె నారబట్టకి ఆముదం, తేనెమైనం కలిపి కాచి పట్టించింది. పైడమ్మ పాదం కొలిచి, మోకాలిదాకా వచ్చే పల్చటి మేజోడు కుట్టింది. పక్క మడి ఆవిడ భుజం పట్టుకుని పైడమ్మ గుడిసె వాకిట్లో ఉప్పునీళ్ల తొట్టిలో కాలు పెట్టి చూసింది. నీళ్లు లోపలికి వచ్చేశాయి.

"కుట్టు అడుగున వేశావేంటే? బరువంతా పడి కుట్టు విచ్చుకునేది అక్కడే కదా" అని కసిరింది పైడమ్మ.

అంకాలు నొచ్చుకోలేదు. విప్పేసి, కుట్టు పాదం మీదికి వచ్చేలా మళ్లీ కుట్టింది. ఈసారి నీళ్లు రాలేదు. కానీ పిక్క దగ్గర ముడి పైడమ్మ వేసుకోలేకపోయింది. ఉప్పు ఆమె చేతివేళ్లని కూడా తినేసింది మరి. తనకి వేళ్లు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ముడి పెట్టింది అంకాలు. తన తప్పుకి తనే చెంపలు వేసుకుంది.

మూడో పొద్దు మధ్యాహ్నానికి ముడి పోయింది. దాని చోట ఒక ఉచ్చు, ఒక చిన్న పుల్ల వచ్చాయి. పుల్లని ఉచ్చులో దూర్చి ఒక్క మెలి తిప్పితే చాలు, అరచేత్తో కూడా బిగించవచ్చు. పైడమ్మ తనే తొడుక్కుంది, తనే బిగించుకుంది. కుంటుతూ వెళ్లి, సూర్యుడు సముద్రంలో దిగకముందే మడిలో కాలు పెట్టింది.

మడుల అధికారి అప్పటికే గట్టు మీద కాచుకుని ఉన్నాడు. "ఇది రాజుగారి కొలత కాదు. కొత్తది చేసేటప్పుడు ఇటుక కొలత తప్పడం నేరం" అని ఇద్దరినీ మర్నాడు సభకి ఈడ్చుకెళ్లాడు.

రాజుగారి మొహం ఎర్రబడింది. "నీ కోసం జోళ్లు పంపించాను. వాటిని పక్కన పడేసి ఈ గుడ్డపేలిక కట్టుకుంటావా?"

పైడమ్మ తలవంచుకుంది. అంకాలు వంచుకోలేదు.

"ప్రభూ, ఆ జోళ్లు ఎవరి పాదానికి చేశారు?"

"నా పాదానికి."

"అయితే తమరికి సరిగ్గా సరిపోతాయి. అవి తొడుక్కుని ఒక్క పూట మడిలో నిలబడండి. తమరు నిలబడగలిగితే నా చేతులు నరికించండి. మళ్లీ దబ్బనం పట్టను."

శ్రీకంఠుడు, భద్రుడు మొహమొహాలు చూసుకున్నారు. రాజుగారు పౌరుషం కొద్దీ సరేనన్నాడు.

మర్నాడు ఉదయం జోళ్లు తొడిగి మడిలో దిగాడు. కొలత అచ్చుగుద్దినట్టు సరిపోయింది. గట్టు మీద భద్రుడు మీసం దువ్వాడు. గడియ గడిచేసరికి జోళ్లలోకి ఉప్పునీళ్లు దిగాయి. రెండు గడియలకి రాజుగారి మడమ దగ్గర ఒరుసుకుని పుండు పడింది. మూడో గడియ పూర్తికాలేదు, రాజ్యాలు గెలిచిన మనిషి పిల్లాడిలా గట్టెక్కి కూలబడ్డాడు.

"నీళ్లు. కాళ్లు కడగడానికి నీళ్లు తెండి" అన్నాడు.

పైడమ్మ నెమ్మదిగా చెయ్యి చాపి చూపించింది. "మాకు నీళ్లు లేవు ప్రభూ. ఆ గోడ అవతల బావి ఉంది. అది తమ గుర్రాల గిట్టలు కడగడానికి తవ్వించారు. మమ్మల్ని అటు పోనివ్వరు."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. కోపం నాది. ఆ గోడ నూరడుగుల దూరంలో ఉంది నాయనా. గుర్రానికి కడిగారు, మనిషికి కడగలేదు. రోజూ ఆ గోడ పక్కనుంచే ఆ నెత్తుటి కాళ్లు నడిచాయి.

రాజుగారు తలెత్తలేకపోయాడు. "పైడమ్మా, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"తమరు ఎప్పుడడిగారు ప్రభూ?" అంది పైడమ్మ.

ఆ పూటే గోడ కూల్చారు. మూడు పొద్దుల చట్టం కూడా దానితోనే పోయింది. అంకాలుకి మొదటి పీట వేస్తానంటే, నాకు కోట గుమ్మమే బాగుంది, జనం కాళ్లు అక్కడే కనబడతాయి అంది. ఆమె మైనపు మేజోళ్లు మడుల్లో అందరికీ వచ్చాయి. ఎవరి పాదానికి వాళ్లవే, ఏ రెండూ ఒకటి కావు. శ్రీకంఠుడినీ భద్రుడినీ రాజుగారు ఒక ఉప్పుకాలం మడుల్లో పనికి పంపాడు. ఏదైనా చేసే ముందు అడిగి రమ్మన్నాడు.

ఇక ఆ ఇటుక. పట్టుగుడ్డ విప్పించి, రాజుగారు దాన్ని తన చేతులతో తెచ్చి బావి దగ్గర నేలలో పాతాడు. ఆనాటి నుంచి ఉప్పు ఆడవాళ్లు పొద్దుగుంకే వేళ దాని మీద పాదం ఆనించి కాళ్లు కడుక్కునేవారు. అన్నేళ్లలో ఆ ఇటుక ఒక పాదానికి పనికొచ్చింది అప్పుడే.

కాబట్టి పిల్లలూ, ఎవరి కోసం చేస్తున్నారో వాళ్లని ముందు అడగండి, వాళ్ల చోట నిలబడి చూడండి; అడగకుండా చేసిన మేలు కీడుతో సమానం.